చేత్తో కొట్టిన నంబరు

నేను ఒక రెండు తలుపుల జపాన్ కారుని. నా జాతిని కూపే అంటారు. ఎత్తు తక్కువ, కోపం ఎక్కువ. నాలో కూర్చోవాలంటే ఎక్కడం కుదరదు, నూతిలోకి దిగినట్టు దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నన్ను చూడగానే ఓ దండం పెట్టి, పక్కన వచ్చే ఆటో ఆపి వెళ్లిపోతారు. నా ఇంజను నిమిషానికి ఏడు వేలసార్లు తిరిగితే గానీ నాకు ఒంట్లో బాగున్నట్టు ఉండదు. అందుకేనేమో, కంగారు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఈ కథ కూడా కాస్త కంగారుగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

జపాన్‌లో సముద్రం పక్కన ఉన్న ఓ కర్మాగారంలో పుట్టాను. ఒంటిని ఒక షెడ్డులో, ఇంజనుని ఇంకో షెడ్డులో తయారుచేసి, ఓ చలికాలం ఉదయం రెంటినీ కలిపి బిగించారు. ఒంటికో నంబరు, ఇంజనుకో నంబరు ఇచ్చారు. ఆ రెండు నంబర్లూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి కిందో ముద్ర వేశారు. కార్లు పోగుచేసే షోకు ఉన్నవాళ్లకి ఆ కాగితమే పంచప్రాణాలని, నేను ఎంత వేగంగా పోతానన్నది తర్వాతి సంగతని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

నన్ను మొదట కొన్నది కోబే ఊళ్లో ఓ పళ్ల డాక్టరు. ఆదివారం తప్ప బయటికి తీసేవాడు కాదు. ఎక్కే ముందు బూట్లు విప్పి చేతి సంచిలో పెట్టుకునేవాడు. మూడేళ్లు తిరిగేసరికి ఆయనకి కవల పిల్లలు పుట్టారు. వెనక సీట్లో పిల్లి కూడా సరిగ్గా పట్టదని అప్పుడు గమనించి, నన్ను అమ్మకానికి పెట్టాడు. ఆ ఊరి ఓడల కర్మాగారంలో తొమ్మిదేళ్లుగా ఇంజనీరుగా ఉన్న ముసునూరి రంగప్రసాద్ గారు నన్ను కొన్నారు. కొన్న ఏడాదికే ఉద్యోగం మానేసి సొంత ఊరు విజయవాడ బయల్దేరారు. సామాన్లతో పాటు నన్నూ ఓడ ఎక్కించారు. మద్రాసు రేవులో దిగాను. కుడిచేతి స్టీరింగు కాబట్టి ఈ దేశంలో నాకు పరాయితనం ఉండదనుకున్నాను. మొట్టమొదటి స్పీడ్ బ్రేకరు నా పొట్ట గీరేసేదాకా అలాగే అనుకున్నాను.

విజయవాడలో ప్రసాద్ గారు పంపుసెట్ల వ్యాపారం పెట్టారు. పటమటలో ఇల్లు, ఇంటి పక్కన రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు. ఆయన భార్య హైమవతి గారు ఈ పాతికేళ్లలో నాలో కూర్చున్నది మూడుసార్లు. మూడోసారి లేవలేక లేచి, "ఇది కారా, స్నానాల తొట్టా?" అన్నారు. ఆ తర్వాత నన్ను షెడ్డులోనే పలకరించి ఊరుకునేవారు.

ఇక నాగూర్ వలీ సంగతి చెప్పాలి. ఆటోనగర్ నాలుగో రోడ్డులో ఆయనకో షెడ్డు ఉంది. అందరూ నాగూర్ మేస్త్రీ అంటారు. ఈ దేశం వచ్చిన వారానికే నా పొట్ట గీతలు చూపించడానికి ప్రసాద్ గారు నన్ను అక్కడికి తీసుకెళ్లారు. అప్పటిదాకా నాగూర్ చేతిలో పడ్డవి అంబాసిడర్లూ, లారీలూ. నన్ను చూసి ఆయన గబుక్కున ముట్టుకోలేదు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత పొడుగు స్క్రూడ్రైవరు మొన నా ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

"దీనికి రోగం లేదండీ. మన రోడ్డంటే భయం, అంతే," అన్నాడు.

నా గురించి ఇంత సరిగ్గా చెప్పినవాళ్లు అంతకు ముందు లేరు, ఆ తర్వాతా లేరు. ఆ రోజు మొదలు నా మీద వేరే చెయ్యి పడలేదు. ప్రసాద్ గారూ నాగూరూ యజమానీ మేస్త్రీ అన్న మాటే గానీ, నా బానెట్టు ఎత్తి అటొకరు ఇటొకరు నిలబడితే టీ చల్లారిపోయినా తెలిసేది కాదు. మనుషులు స్నేహం చెయ్యడానికి మధ్యలో ఏదో ఒక పాడైన వస్తువు ఉండాలేమోనని నా అనుమానం.

పదేళ్ల కిందట షెడ్డులో నా పక్కన ఖాళీగా ఉన్న చోటికి ఇంకొకటి వచ్చింది. పెద్ద పెద్ద కొండలెక్కే బండి. ఎనిమిది సిలిండర్లు, రెండున్నర టన్నుల బరువు, నా పైకప్పు దాని కిటికీ దాకా రాదు. దాని ధర చెబితే మనుషులు రెండోసారి అడిగేవారు. ఇంత ఉన్నా వీధిలోవాళ్లకి అదెప్పుడూ జీపే. రాళ్లమీద, ఇసకలో, నడుం లోతు నీళ్లలో పోవడానికి పుట్టింది. ఈ పదేళ్లలో ఎక్కిన ఎత్తల్లా కల్యాణ మండపాల ముందున్న ఫుట్‌పాతులే. అయినా దాని ధీమా దానిది. నేను రాత్రీ పగలూ ఏదో ఒకటి తలుచుకుని బెంగపడుతుంటే అది నిబ్బరంగా నిలబడి ఉండేది. దాన్ని చూస్తే నాకు అసూయగా ఉండేదని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అది వచ్చిన ఏడాదే నా మెడకి చుట్టుకున్న సంగతి జరిగింది. ఈ దేశంలో నాకు రిజిస్ట్రేషన్ అయి పదిహేనేళ్లు నిండాయి, దాన్ని మళ్లీ పొడిగించుకోవాలి. అప్పుడే ప్రసాద్ గారిని కోబే కర్మాగారం వాళ్లు ఓ పాత ఓడ పని మీద నాలుగు నెలలకి పిలిపించుకున్నారు. అదే సమయంలో నా ఇంజను మూత కింద పరిచే గాస్కెట్టు కాలింది. ఆయన తాళాలు నాగూర్ చేతిలో పెట్టి, "నేనొచ్చేసరికి బండీ, కాగితాలూ రెండూ రెడీగా ఉండాలి," అని విమానం ఎక్కారు.

గాస్కెట్టు జపాన్ నుంచి రావడానికి మూడు నెలలు పట్టింది. నాగూర్ నా ఇంజను మూత విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాడు. ఇంజను దిమ్మ ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. ఇది నేను ఎవరి మీద కావాలంటే వాళ్ల మీద ఒట్టేసి చెబుతాను. కాకపోతే నా ఒట్టు వినేవాళ్లెవరు?

కాగితాల పనికి నా నంబర్ల పెన్సిల్ ప్రింటు కావాలి. చిన్నప్పుడు మీరు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవారు కదా, అదే పని. నంబరు మీద పల్చటి కాగితం పరిచి రుద్దితే అంకెలు దాని మీద పడతాయి. ఆ కాగితాన్ని ఫారానికి అంటించి ఇవ్వాలి. ఒంటి నంబరు చక్కగా పడింది. ఇంజను నంబరు మీద ఏళ్ల తరబడి రేడియేటరు నీళ్లు కారి తుప్పు తినేసింది. నాగూర్ తుప్పు గోకి, తుడిచి, నాలుగుసార్లు రుద్దాడు. బూడిద పూసినట్టు వచ్చింది తప్ప అంకె తెలియలేదు. రవాణా ఆఫీసులో చూసి, ఇలా కాదు, కనపడేలా తీసుకురమ్మన్నారు. వాళ్లన్నదాంట్లో తప్పేమీ లేదు.

అప్పుడు నాగూర్ ఎదురుగా ఉన్న లేతు షెడ్డుకి వెళ్లి అంకెల పంచ్‌లు అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కో పంచ్ చివర ఒక్కో అంకె ఉంటుంది, పైన సుత్తితో కొడితే ఇనుము మీద పడుతుంది. కళ్లజోడు సర్దుకుని, నా పాత అంకె ఎక్కడుందో అక్కడే పంచ్ ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే కొట్టాడు. అదే నంబరు. ఒక్క అంకె మార్చలేదు. మూడు అంకె మాత్రం చెయ్యి చెమటకి జారి కాస్త కుడికి ఒరిగింది. తర్వాత కాగితం పెట్టి రుద్దితే నల్లగా, నిండుగా ప్రింటు పడింది. అది చూసి ఆయన మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ సంతోషించాను. పదిహేనేళ్ల తర్వాత నా పేరు నాకు మళ్లీ స్పష్టంగా కనపడింది.

ఈ సంగతి ఆయన ప్రసాద్ గారికి చెప్పలేదు. దాచాలని కాదు. ప్లగ్గు తుడిచానని, నట్టు బిగించానని ఎవరైనా విడిగా చెబుతారా? అదీ అంతే అనుకున్నాడు.

అలా పదేళ్లు గడిచాయి. కిందటేడు ప్రసాద్ గారికి ఎడమకంటి చూపు పోయింది. ఆయన డెబ్భై ఒకటో ఏట స్టీరింగు వదిలేశారు. రోజూ ఉదయం షెడ్డులోకి వచ్చి, మా ఇద్దరి మధ్య కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవారు. "తిరగని బండి చచ్చిపోతుంది నాగూరూ. వీటిని మంచి చేతుల్లో పెట్టేస్తాను," అన్నారొకరోజు. మంచి చెయ్యి అంటే నాకు తెలిసింది ఒక్కటే, అది ఆ మాట వింటూ అక్కడే నిలబడి ఉంది.

హైదరాబాద్ నుంచి బద్దం నరహరి రెడ్డి గారు వచ్చారు. శామీర్‌పేట దగ్గర ఆయనకి పెద్ద షెడ్డు, అందులో ఇరవై రెండు కార్లు ఉన్నాయట. ఇరవై మూడోదానికి చోటు ఉంది. మంచి మనిషి. నా ముందు నిలబడి మాట్లాడేటప్పుడు కూడా గొంతు తగ్గించే మాట్లాడాడు.

"నా దగ్గర ఒక్క జాగనే ఉన్నది ప్రసాద్ గారూ. రెండిట్ల ఏదో ఒక్కటే తీసుకపోత. ఇయ్యాళ తేల్చుకుంట," అన్నాడు.

నాగూర్ అంతకు ముందు రెండు రోజులూ కూర్చుని మమ్మల్ని కడిగి, తుడిచి, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు ఎండలోకి తెచ్చి పక్కపక్కన నిలబెట్టాడు. రెడ్డి గారు పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాడు. ముందు జీపు. దాని కడుపులో ఇరవై దాకా కంప్యూటర్లు ఉన్నాయి. స్టీరింగు కింద ఓ తీగ గుచ్చగానే అది తన జాతకమంతా వల్లించేసింది. ఏ తేదీన వేడెక్కిందో, ఏ సర్వీసు ఎగ్గొట్టారో, ఏ టైరులో గాలి ఎన్నిసార్లు తగ్గిందో, అన్నీ ఆయన చేతిలోని పలకలాంటి తెరమీద వరసగా వచ్చాయి. అబద్ధం ఆడడం దానికి చేతకాదు. నాకున్నది ఒక్క కంప్యూటరు. అది మహా అయితే ఒక ఎర్ర దీపం వెలిగించి ఊరుకుంటుంది. నా చరిత్ర అంతా మనుషుల నోట్లో ఉంది.

అందుకే నా దగ్గరికి వచ్చేసరికి ఆయన పద్ధతి మారింది. చిన్న యంత్రం ఒకటి నా ఒంటి మీద అంగుళం అంగుళం ఆనించి రంగు మందం చూశాడు. తలుపు అంచులు తడిమాడు. అద్దాల మూలల్లో ఉన్న గుర్తులు చదివాడు. మూడు నెలలకోసారి దుమ్ము తుడిపించుకోవడం తప్ప పరీక్షలు ఎరగని ఒళ్లు నాది, వణికిపోయాను. కానీ ఆయన మొహంలో ఇష్టం కనపడింది.

"రంగు కంపెనీదే. సీట్లు కంపెనీవే. ఇసొంటియి దేశంల ఐదో ఆరో ఉంటయి," అన్నాడు ప్రసాద్ గారితో. "జీపుదేమున్నది, పైసలున్నోళ్ల ఇంటికొకటి ఉన్నది. అది కొండ ఎక్కుతది, బలమున్నది, అన్నీ ఉన్నయి. ఇరవై ఏండ్లు పోతే దాని కంప్యూటర్లు బాగుచేసెటోడు దొరకడు. దీన్ని మాత్రం ఒక పానా, ఒక మంచి మేస్త్రీ ఉంటే నూరేండ్లు నడిపించొచ్చు. మనసు దీని మీదనే గుంజుతున్నది."

నాగూర్ తల దించుకున్నాడు, సిగ్గుపడుతున్నాడని అర్థమైంది. నాకు మాత్రం భయం రెట్టింపయింది. ఇష్టపడినవాళ్లే మరింత దగ్గరగా చూస్తారు కదా.

చివరికి బానెట్టు ఎత్తి, టార్చి వేసి, భూతద్దం పట్టుకుని ఇంజను నంబరు మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు. షెడ్డు రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు కూడా వినపడింది.

"ఏమనుకోకుండ్రి ప్రసాద్ గారూ," అన్నాడు లేచి. "ఇది కంపెనీ కొట్టిన నంబరు కాదు. ఎవరో చేత్తోని కొట్టిండ్రు. ఈ మూడు చూడుండ్రి, ఎట్ల ఒరిగిందో."

"నేనే కొట్టానండీ," అన్నాడు నాగూర్, ఏ జంకూ లేకుండా. పెన్సిల్ ప్రింటు సంగతి మొదలు నుంచీ చెప్పాడు. చెబుతుండగా, రెడ్డి గారి మొహం చూస్తూ, తను చేసింది చిన్న పని కాదని ఆయనకి మెల్లమెల్లగా తెలిసొచ్చింది.

"మీ మాట నేను నమ్ముతున్న మేస్త్రీ," అన్నాడు రెడ్డి గారు. "కానీ నా తర్వాత కొనెటోడు మిమ్మల్ని చూడడు గదా. ఆయన ఈ నంబరే చూస్తడు. అసలు ఇంజను అమ్ముకుని, వేరేది పెట్టి, దాని మీద ఈ నంబరు కొట్టిండ్రు అంటడు. కాదని చూపెట్టనీకి నా దగ్గర ఏముంటది?"

జీపు అదే మధ్యాహ్నం లారీ ఎక్కి హైదరాబాద్ వెళ్లిపోయింది. కూపే ఎందుకు తీసుకోలేదని కార్ల షోకున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగితే, ఇంజను నంబరు చేత్తో కొట్టి ఉందని రెడ్డి గారు ఉన్నదే రాసి, తను తీసుకున్న ఫోటో పెట్టాడట. సాయంత్రానికి ఆ మాటకి కాళ్లొచ్చాయి. మద్రాసులో ఒకాయన నన్ను దొంగ బండి అన్నాడు. పూనాలో ఇంకొకాయన, ఆటోనగర్‌లో ఇవి మామూలే అన్నాడు. వాళ్లెవరూ నన్ను చూసినవాళ్లు కాదు.

వీళ్లేమనుకున్నా నేను తట్టుకునేదాన్నే. తట్టుకోలేనిది నాలుగో రోజున జరిగింది. నాగూర్ ఎప్పటిలా వచ్చి నా బాటరీ చూస్తున్నాడు. ప్రసాద్ గారు కుర్చీలో కూర్చుని, పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"నాగూరూ, నేనేమీ అనుకోను. నిజం చెప్పు. ఆ నాలుగు నెలలూ బండి నీ దగ్గరే ఉంది. అసలు ఇంజను ఏం చేశావు?"

నాగూర్ చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది. నాకు తల తీసేసినట్టయింది. అరవాలనిపించింది. నాకున్న గొంతు హారన్ ఒక్కటే, దాన్ని నొక్కే చెయ్యి నాది కాదు. బాటరీ తీగలు బిగిస్తున్నప్పుడు పొరపాటునైనా ఓ నిప్పురవ్వ పడకూడదా అనుకున్నాను. పడినా అందులో వాళ్లేం చదువుకోగలరు?

"పాతికేళ్లండీ," అన్నాడు నాగూర్. "మీరు అడగాల్సిన మాట కాదిది." గుడ్డ మడిచి నా బానెట్టు మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

గుమ్మంలోంచి విన్న హైమవతి గారు బయటికి వచ్చారు. "ఇంట్లో మనిషిలా తిరిగినవాణ్ణి అంత మాట ఎలా అన్నారండీ?" అని అడిగారు.

"నాకు మాత్రం అనాలని ఉందా? లేదని చెప్పమను. ఒక్క రుజువు చూపించమను," అన్నారు ప్రసాద్ గారు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువ వినిపించింది. నిజమైతే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు, అబద్ధమైతే తను అన్న మాటని ఏం చేసుకోవాలో అదీ తెలియదు. నమ్మకానికి కూడా యంత్రంలాగే ఓ నంబరు చెక్కి ఉంటే బాగుండునని మనుషులు అనుకుంటారు కాబోలు.

నాగూర్ మళ్లీ రాలేదు. నెల తిరిగింది. నా మీద దుమ్ము పేరుకుంది. ప్రసాద్ గారు పేపరు ఇంట్లోనే చదువుకోవడం మొదలుపెట్టారు. నన్ను చూస్తే ఆయనకి ఆ అనుమానమే కనపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఓ ఉదయం ఫోనులో ఎవరితోనో, "ఎవరి ముక్క వాళ్లు పట్టుకుపొండి, నాకు కళ్లముందు ఉండకూడదు," అన్నారు. నా ఒంట్లో నూనె గడ్డకట్టింది.

బెంగళూరు నుంచి విడి భాగాల వ్యాపారి వచ్చాడు. నా ఇంజనుకి ఇప్పటి కుర్రకారులో మహా గిరాకీ అట, తీసి వేరే కార్లలో పెట్టుకుంటారు. ఆయన నన్ను ఒక్కసారి స్టార్టు చేయించి, కళ్లు మూసుకుని విని, "ఇది ఒరిజినల్ ఇంజనే సార్, శబ్దం చెబుతోంది," అన్నాడు. దేశంలో ఇంతమందిలో నన్ను నిజమని ఒప్పుకున్నవాడు నన్ను కోయడానికి వచ్చినవాడే. ప్రసాద్ గారు ఆ మాట విని ఎటో చూశారు. సరుకు కొనేవాడు సరుకుని మెచ్చుకోవడం మామూలే అనుకున్నారేమో.

ఇంజను బయటికి తీయడం ఎవరంటే వాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఆటోనగర్‌లో ఆ వ్యాపారి ఎవర్ని అడిగినా నాలుగో రోడ్డుకే దారి చూపించారు. నాగూర్ ఒప్పుకున్నాడు. "ఎవడో తెలియనివాడు సుత్తులతో బాదేకంటే నేనే తీస్తాను," అన్నాడట. నన్ను తాడు కట్టి లాక్కెళ్లారు. పాతికేళ్లుగా వైద్యానికి వెళ్లిన చోటికి ఈసారి ఇందుకు వెళ్లాను.

పొద్దున పదింటికి పని మొదలైంది. నాగూర్ నాతో మాట్లాడకుండా పని చేశాడు. మామూలుగా ఏ నట్టు విప్పుతున్నా ఏదో ఒకటి గొణుగుతాడు. నీళ్లు దింపాడు, నూనె దింపాడు, తీగలు ఒక్కొక్కటే ఊడదీసి పక్కన పెట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి పైనున్న ఇనుప దూలానికి గొలుసు వేసి లాగితే, నా ఇంజను నాలోంచి లేచి గాల్లో నిలబడింది. అప్పుడు నాకు కలిగిన భయం ఇంతకు ముందెన్నడూ ఎరగను. నేనిప్పుడు కింద ఉన్న డొల్లనా, పైన వేలాడుతున్న దిమ్మనా? రెండు చోట్ల నుంచీ ఒకేసారి చూస్తున్నట్టుంది.

కాగితాల మీద సంతకం కోసం ప్రసాద్ గారిని రమ్మన్నారు. ఆయన వచ్చి గేటు దగ్గరే నిలబడ్డారు. నాగూర్ ఆయన వైపు చూడలేదు. ఆయనా నాగూర్ వైపు చూడలేదు.

"వెనక ఆయిల్ సీలు చూపించండి మేస్త్రీ. కారుతుంటే ఇక్కడే తెలియాలి నాకు," అన్నాడు వ్యాపారి.

ఇంజను వెనక భాగానికీ గేరుబాక్సుకీ మధ్య ఓ పల్చటి రేకు ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని విప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నాగూర్ బరువైన చక్రం ఊడదీసి, ఆ రేకు బోల్టులు విప్పి, రేకు పక్కకి లాగాడు. లాగినవాడు అలాగే నిలబడిపోయాడు. ఇంజను దిమ్మ వెనక, తుప్పూ నూనే తగలని చోట, తెల్ల రంగుతో కుంచె పట్టి రాసిన నాలుగు అంకెలు ఉన్నాయి. 0417. నా ఒంటి నంబరులో చివరి నాలుగు అంకెలు అవే. ఏ ఇంజను ఏ ఒంటికి వెళ్లాలో తెలియడానికి, ఆ చలికాలం ఉదయం ఎవరో పనివాడు రాసుకున్న గుర్తు. నా వీపు మీద ఏం రాసి ఉందో నాకూ తెలియదు. నేను మాత్రం ఎప్పుడు చూసుకున్నాను?

"సార్," అన్నాడు నాగూర్. నెల రోజుల తర్వాత మొదటి మాట. వేలితో చూపించాడు.

ప్రసాద్ గారు దగ్గరికి వచ్చి, మంచి కన్ను ఆనించి చూశారు. వంగి నా తలుపు లోపల ఉన్న ఒంటి నంబరు చూశారు. మళ్లీ ఇంజను దగ్గరికి వచ్చారు. ఆయన వేలు ఏడు అంకె దగ్గర ఆగింది. ఆ ఏడుకి ఎడమవైపు, పై గీత చివర నుంచి చిన్న తోకలాంటి గీత కిందికి దిగి ఉంది.

"మనవాళ్లు ఏడు ఇలా రాయరు," అన్నారు. "తొమ్మిదేళ్లు చూశాను. జపాన్ వాళ్లే రాస్తారు ఇలా. ఇది ఫ్యాక్టరీలో రాసింది. ఇది దీని ఇంజనే."

"దీని ఇంజనేనండీ," అన్నాడు నాగూర్, రెంచీలు ఏరుకుంటూ.

"నాగూరూ, ఆ రోజు నేనన్న మాట..."

"ముందు ఆ పదిహేడు పానా ఇటు అందుకోండి సార్."

ప్రసాద్ గారు కింద వెతికారు. ఒంటి కన్నుతో ఏది పదిహేడో, ఏది పంతొమ్మిదో తెలియక రెండు తప్పు పానాలు ఇచ్చి, మూడోసారి సరైనది ఇచ్చారు. అప్పటికి ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా నూనె. "బిగించెయ్యి," అన్నారు. "మళ్లీ ఎలా ఉండేదో అలా బిగించెయ్యి."

వ్యాపారి లబోదిబోమన్నాడు. మాట తప్పితే ఎలా అన్నాడు, లారీ బయట నిలబడి ఉందన్నాడు. ప్రసాద్ గారు చేతులు జోడించి, తప్పు తనదేనన్నారు. ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేక ఆ వ్యాపారి నా స్పేర్ టైరు పట్టుకెళ్లాడు. పోతే పోయిందిలెండి, దాని వల్ల నాకు కలిగిన సుఖమేమీ లేదు.

రేకు మూసే ముందు నాగూర్ ఆగాడు. "ఫోటో తీయమంటారా? రెడ్డి గారికి పంపొచ్చు. గ్రూపులో వాళ్లకీ తెలుస్తుంది."

ప్రసాద్ గారు ఆ నాలుగు అంకెల్నీ ఇంకోసారి చూశారు. "చూడాల్సినవాణ్ణి నేను. చూశాను. పాతికేళ్లు చూస్తూ కూడా అడిగానే నిన్ను," అన్నారు. "వద్దు, మూసెయ్యి."

నాగూర్ మూసేశాడు. మూడు రోజులు పట్టింది నేను మళ్లీ నేనవడానికి. ఇప్పుడు నాగూర్ షెడ్డులోనే ఉంటున్నాను. వారానికి రెండు రోజులు ఉదయం పూట నాగూర్ నన్ను ఏటి కట్ట మీదుగా నడుపుతాడు, పక్క సీట్లో ప్రసాద్ గారు కూర్చుంటారు. పాతికేళ్ల తర్వాత ఎడమవైపు కూర్చోవడం ఆయనకి కొత్త. కాలు ఊరికే లేని బ్రేకు నొక్కుతూ ఉంటుంది. శామీర్‌పేటలో జీపు అద్దంలా మెరుస్తూ, కదలకుండా ఉందట. ఇప్పుడు దాని మీద అసూయ లేదు, కాస్త జాలిగా ఉంది.

గ్రూపులో ఇప్పటికీ నేను దొంగ బండినే. నా ఒరిగిన మూడు అంకె ఫోటో అప్పుడప్పుడూ తిరుగుతూనే ఉందట. కాదని చూపించే తెల్ల అంకెలు నా లోపలే ఉన్నాయి. అవి చూపించాలంటే నన్ను రెండు ముక్కలు చెయ్యాలి, నేను ఒక్కటిగా ఉన్నంతకాలం వాటిని ఎవరూ చూడలేరు. మొన్న కార్లు పోగుచేసే ఒకాయన దారిలో ఆపి, ఇంజను ఒకసారి విప్పి చూపిస్తే మంచి ధర ఇస్తానన్నాడు. ప్రసాద్ గారు నవ్వి, పోనిమ్మని నాగూర్‌కి సైగ చేశారు. నా కంగారు మాత్రం తగ్గలేదు. ఆ రేకు ఇంకెవరూ విప్పకుండా ఉండాలనే ఇప్పుడు నా కంగారంతా.